ఎరుపు తినేసిన పొడి

మామయ్యకి,

నమస్కారం. ఇక్కడ నేనూ, నా గాజు గొట్టాలూ క్షేమం.

మీ అద్దకం షెడ్డు వల్ల కాలవ ఎర్రగా పారుతోందని కాలుష్యం ఆఫీసువాళ్ళు నోటీసిచ్చారట. రెండు నెలల్లో బాగుచెయ్యకపోతే తాళమేనట. అమ్మ చెబితే తెలిసింది. నా పరిశోధన సరిగ్గా నీళ్ళలోంచి రంగు తీసెయ్యడం మీదే. వెంటనే మీ షెడ్డు నీళ్ళు ఒక క్యాను పంపు, పరీక్ష చేస్తాను.

నీ మేనకోడలు

తా.క. మూత గట్టిగా బిగించు. పోయినసారి నూనె డబ్బా బస్సులో పక్కావిడ ఒళ్ళోకి చేరింది.

*

చిరంజీవి కోడలుపిల్లకి,

మామయ్య దీవెనలు. పరీక్ష అన్నావు కాబట్టి ఇది పరువు విషయం. బావినీళ్ళు తోడించి, మీ అత్త చేత మూడుసార్లు వడకట్టించి, కాచి చల్లార్చి పంపాను. ఆఫీసువాళ్ళకి చూపించు, నోళ్ళు మూతపడతాయి. పనివాళ్ళు ఆరుగురూ నీ మీదే ఆశ పెట్టుకున్నారు.

మీ మామయ్య

తా.క. ఆ నీళ్ళు తాగితే జలుబు కూడా చెయ్యదని మీ అత్త అంటోంది. ఈ ముక్క రిపోర్టులో రాయించు.

*

మామయ్యా,

నమస్కారం. నీ నీళ్ళు పోస్తే మా మిషను సున్నా తప్ప ఏమీ చూపించలేదు. పాడైందేమోనని మా సారు రెండు రోజులు దాన్ని విప్పుకుని కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చింది నీ ఉత్తరం. నాకు కావలసింది అద్దకం అయ్యాక పారబోసే మురుగు, మామయ్యా!

సరే, టైము లేదు. మూటెడు నల్లపొడి పంపుతున్నాను. పళ్ళరసం దుకాణాలవాళ్ళు పారేసే తొక్కల్ని గాలి తగలకుండా కాల్చి చేశాం. నీళ్ళలోని రంగుని పట్టేసుకుంటుంది. తొట్లో రంగునీళ్ళలో నాలుగు గుప్పిళ్ళు కలిపి, తేరుకున్నాక బట్టలో వడకట్టు.

నీ మేనకోడలు

తా.క. మరీ ఆశ పెట్టుకోకు. ఇక్కడ రెండు రోజులకి సగం రంగే పోయింది.

*

కోడలుపిల్లా,

దీవెనలు తర్వాత. ముందు నా ఎరుపు నాకిచ్చెయ్.

తొట్లో రంగునీళ్ళన్నావు. తొట్లోనే పోశాను. బడిపిల్లల ఉన్ని మఫ్లర్లు నలభై ముంచడానికి అప్పుడే కాచిన కొత్త రంగది! టీ తాగొచ్చేసరికి పొడి అడుక్కి దిగిపోయింది, పైన నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మేస్త్రీ కళ్ళు నులుముకుని, "అయ్యగారూ, ఎవరో రంగు ఎత్తుకుపోయారు" అన్నాడు.

మీ మామయ్య

తా.క. ఆరుగురూ నా మొహం చూస్తున్నారు. నేను ఈ కాగితం వైపు చూస్తున్నాను.

*

మామయ్యా,

నమస్కారం, క్షమాపణలు. నీ తిట్లు మా సారుకి చదివి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచి, "మళ్ళీ చదువమ్మా" అన్నారు. ఇక్కడ రెండు రోజుల్లో కానిది అక్కడ టీ తాగేలోపు ఎలా అయింది? ఆ తొట్లో ఏం కలిపావు?

ఈసారి పారబోసే నీళ్ళు డ్రమ్ములోకి పట్టి, అందులో వెయ్యి. రంగు పట్టిన పొడి కాలవలో పడెయ్యకు, మూటకట్టి నాకు పంపు.

నీ మేనకోడలు

తా.క. సారు నిన్ను 'తోటి పరిశోధకుడు' అన్నారు. అత్తకి చెప్పు.

*

కోడలుపిల్లకి,

తోటి పరిశోధకుడి దీవెనలు. ఏం కలిపానంటావేంటి? వెనిగర్! ఉన్నికి రంగు పట్టాలంటే వెనిగర్ పోసి వేడిగా ఉంచాలని మా తాతల నాటి నుంచీ తెలుసు. మీ పుస్తకాల్లో లేదా? నీ పొడికీ అదే కలిసొచ్చినట్టుంది. డ్రమ్ములోనూ అలాగే చేసి, చివర్లో సున్నంతో పులుపు విరిచాను. ఆఫీసువాళ్ళు సీసాలో పట్టుకెళ్ళి చూసుకుని, నోటీసు వెనక్కి తీసుకున్నారు.

అసలు తమాషా నిన్న జరిగింది. ఇరవయ్యేళ్ళుగా నాతో మాట్లాడని పక్కవీధి అద్దకంవాడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "కాలవలో ఎరుపు లేకపోయేసరికి గుండె ఆగినంత పనైంది అన్నా. ఎప్పుడు మూసేశావు? నీ పనివాళ్ళని నా దగ్గరికి పంపు, పని ఇస్తాను" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. లోపలికి తీసుకెళ్ళాను. ఆరుగురూ మోచేతుల దాకా ఎరుపులో ఉన్నారు! డ్రమ్ము పక్కన కూలబడి ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. అతనికీ నోటీసొచ్చిందట. ఇంకో రెండు మూటలు పంపు, ఒకటి అతనికి.

మీ మామయ్య

తా.క. నీకు తొక్కలు తక్కువపడకూడదని మీ అత్త వారం రోజులుగా నాకు పళ్ళు తప్ప ఏమీ పెట్టడంలేదు. తొక్కలు రేపటి బస్సులో వస్తున్నాయి. చాలని ఆవిడకి వెంటనే జాబు రాయి.