అజయ్ కారుకు దొరికిన ఇంజను

జూలై 12, శనివారం. ముసురు. పొద్దున్నే నీ కారు మీద టార్పాలిను కప్పాను.

బామ్మర్ది అజయ్‌కు,

ఫోన్ చేస్తే పక్కన మీ ఆవిడ కళ్యాణి వింటుంది, అందుకే ఈ చీటీ. రేపటిలోగా కారు కదలకపోతే తుక్కు కింద అమ్మేస్తానంటోందని, చవకగా పాత ఇంజను చూడమన్నావు కదా. చందానగర్‌లో ఓ తుక్కు కొట్లో దొరికింది. ముందే వేడిచేసి ఉంచలేదని చేత్తో తాకి చూసి, నేలమీదే స్టార్ట్ చేయించాను. వెంటనే అందుకుంది.

"ఎవరిది ఇది?" అని కొట్టువాణ్ణి అడిగాను.

"గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ సారుదన్నా. ప్లగ్గులు పోతే ఇంజనే పోయిందనుకున్నడు. ఫోన్ల వీడియో చూసుకుంట విప్పి, తూకానికేసి పోయిండు. నేను ప్లగ్గులు మార్చిన, గంతే."

ఇంజను మీది నంబరు చూశాను. నీ కారుదే.

పన్నెండు వేలిచ్చి తెచ్చాను. నువ్వెంతకు అమ్మావో అడగను. సాయంత్రానికి బిగిస్తాను. కళ్యాణి అడిగితే నేను అబద్ధం చెప్పలేను. నంబరు మీద కాస్త గ్రీజు మాత్రం పూయగలను.