మోచేతి లోతు

23 అక్టోబర్ 1993, శనివారం

తెనాలిలో ఒక ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉందంటే నేను నమ్మలేదు. ఉంది. రొయ్యల చెరువుల సాంబశివరావు గారు కట్టించారు. మా లాబ్‌లో ఇన్నాళ్ళూ రొయ్యల చెరువుల నీళ్ళే టెస్ట్ చేశాను. ఆయన మా యజమాని కోటేశ్వరరావు గారి దగ్గర మేత కొంటారు. అందుకని పూల్ నీళ్ళు కూడా మనమే చూడాలని నన్ను పంపారు.

నీళ్ళు నీలంగా కనబడతాయి. అది టైల్స్ రంగు. సాంపుల్ పైపైన తీయకూడదు. అక్కడ నూనె, దుమ్ము తేలుతుంటాయి, ఎండకు క్లోరిన్ పోతుంది. సీసా బోర్లించి మోచేతి లోతుకు ముంచి, అక్కడ తిప్పాలి. అలాగే చేశాను. క్లోరిన్ కొంచెం తక్కువ. బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలో రాసిచ్చాను.

సాంబశివరావు గారి కూతురికి ఆరేళ్ళు. బేబీ అంటారు. నా పక్కనుంచి కదల్లేదు. ట్యూబులో చుక్కలు వేయగానే నీళ్ళు పసుపురంగుకు తిరిగితే, నిమ్మకాయ రసమా అక్కా అని అడిగింది. క్లోరిన్ ఉంటే ఇలా పసుపు వస్తుందని, ఎంత ఎక్కువుంటే అంత చిక్కగా వస్తుందని చెప్పాను. నేను ఒకరితో అంతసేపు మాట్లాడి చాలా కాలమైంది.

వచ్చేటప్పుడు వాళ్ళ నాయనమ్మ పున్నమ్మ గారు మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేకేశారు. ఇంతలో ఏ ఊరమ్మాయ్ అని అడిగారు. రేపల్లె అన్నాను. మీ నాయన పేరేంటి అన్నారు. వరప్రసాదం గారండి, లూథరన్ స్కూల్లో మాస్టారు అన్నాను. ఓహో అన్నారు.

మంచినీళ్ళు రాలేదు.

30 అక్టోబర్, శనివారం. రేపల్లె పాసింజర్‌లో, సాయంత్రం

ఇల్లు చేరేదాకా ఆగలేక రైల్లోనే రాస్తున్నాను.

పూల్ దగ్గర వంగబోతుంటే పున్నమ్మ గారు, ఆగమ్మాయ్ అన్నారు. పిల్ల మునిగే నీళ్ళు, అందరూ చేతులు పెడితే ఎట్టా, సీసా కింద పెట్టు, నేను పోస్తా అన్నారు. పక్కనున్న స్టీలు చెంబు అందుకోబోయి మానేశారు. దొడ్లో బాత్‌రూమ్ నుంచి ప్లాస్టిక్ మగ్గు తెప్పించారు. పైపైన ముంచి, నడుమెత్తు నుంచి నా సీసాలోకి పోశారు. సగం నా చెప్పుల మీద పడింది.

పొద్దున బేబీకి నలుగు కలిపింది ఆ మగ్గులోనే. శనగపిండి, పసుపు ఇంకా లోపల అంటుకుని ఉన్నాయి. ట్యూబులోకి వంచితే, నేను చుక్క వేయకముందే సాంపుల్ పసుపుగా ఉంది.

ఇది పనికిరాదండి అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. సాంబశివరావు గారు వచ్చి ట్యూబు ఎత్తి వెలుతుర్లో చూశారు. పసుపు వస్తే మందు బాగా ఉన్నట్టని నువ్వే చెప్పావంటగా మా బేబీకి అన్నారు. ఇది నలుగులో పసుపండి అన్నాను. ఆయన నవ్వి, పసుపు మంచిదేగదమ్మా, క్రిముల్ని చంపుద్ది అన్నారు.

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదని కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పారు. నేను అంత బాగా నేర్చుకోకుండా ఉండాల్సింది.

31 అక్టోబర్, ఆదివారం

చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని అమ్మ మోచేత్తో పొడిచింది.

1 నవంబర్, సోమవారం

రిపోర్టులో సాంపుల్ చెల్లదు అని రాశాను. కోటేశ్వరరావు గారు అది కొట్టేసి, క్లోరిన్ ఎక్కువ, రెండు వారాలు బ్లీచింగ్ ఆపండి అని రాశారు. కింద నన్ను సంతకం పెట్టమన్నారు. వాళ్ళు పోసిన నీళ్ళకి ఏ రంగొస్తే ఆ రంగు రాయి, మిగతా గొడవ నీకెందుకమ్మా, ఆయన మనకెంత పెద్ద పార్టీ అన్నారు. నేను పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నారు. ఇక రావద్దంటారేమో అనుకున్నాను. బాపట్ల చెరువుల సీసాలు తెచ్చి నా ముందు పెట్టారు.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. పోనీలేమ్మా, మన పని మనం చూసుకుందాం అన్నారు. నాన్న మీద వచ్చినంత కోపం పున్నమ్మ గారి మీద కూడా రాలేదు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆయనకు.

9 నవంబర్, మంగళవారం

సాంబశివరావు గారింటి నుంచి ఫోను. బేబీకి కళ్ళు ఎర్రబడ్డాయట. చెవిపోటట. మొదటి రోజు ఆ లాబ్ పిల్ల నీళ్ళలో చెయ్యి పెట్టింది, అప్పట్నుంచే చెడ్డాయి అని పున్నమ్మ గారు అంటున్నారట. కోటేశ్వరరావు గారు ఇదంతా నాకు చెప్పి, నవ్వీ నవ్వనట్టు నవ్వారు. రేపు ఇంకెవర్నన్నా పంపిస్తాలే అన్నారు. నేనే వెళతానండి అన్నాను. ఆయనకు వినబడలేదు. మళ్ళీ అన్నాను.

వారం దాటింది బ్లీచింగ్ వేసి. ఒంటి నూనెతో, నలుగుతో ఆ పిల్లను రోజూ అందులో దించుతున్నారు. క్లోరిన్ లేని నీళ్ళలో ఏం పెరుగుతాయో నా డిగ్రీ పుస్తకాల్లో ఉంది. నా చెయ్యి గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

10 నవంబర్, బుధవారం. మధ్యాహ్నం, తెనాలి స్టేషన్

టైల్స్ నీలం కనబడలేదు. మెట్ల మీద నాచు. బేబీ గట్టు మీద కూర్చుని తడిగుడ్డతో కళ్ళు ఒత్తుకుంటోంది. గుడ్డ తీసి, అక్కొచ్చింది అంది. పున్నమ్మ గారు మగ్గు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. సీసా కింద పెట్టమన్నారు.

పెట్టలేదు. గాజులు తీసి బాగ్‌లో వేసుకున్నాను. మోకాళ్ళ మీద వంగి, సీసా బోర్లించి మోచేతి దాకా ముంచాను. తిప్పాను. బుడగలు వచ్చాయి. పున్నమ్మ గారు అన్నవి రాయను. ఆవిడ అంటున్నంతసేపూ చెయ్యి నీళ్ళలోనే ఉంచాను.

చుక్కలు వేశాను. రంగు రాలేదు.

ఇందులో క్లోరిన్ అసలు లేదండి, పాపను దించకండి, మీ రిపోర్టు నలుగు మగ్గుకిచ్చింది అని సాంబశివరావు గారికి చెప్పాను. ఈసారి నా గొంతు నాకు వినబడింది. ఆయన ట్యూబు వంక చూడలేదు. నీళ్ళు కారుతున్న నా చెయ్యి వంక చూశారు.

తుడుచుకోలేదు. స్టేషన్‌కు వచ్చేసరికి అదే ఆరింది.

12 నవంబర్, శుక్రవారం

ఇక లాబ్‌కు రావద్దని చెబుతూ కోటేశ్వరరావు గారే ఈ సంగతీ చెప్పారు. నిన్న మోటారు పెట్టి పూల్ మొత్తం తోడేశారట. అడుగు రుద్ది కడిగి, పసుపునీళ్ళు చల్లి, కొత్త నీళ్ళు పట్టి, బ్లీచింగ్ వేశారట. క్లోరిన్ లేదన్నందుకు కాదు. నా చెయ్యి పడినందుకు.

బేబీ కళ్ళు బాగవుతాయి.