సంపూర్ణక్కకు కడుపు ఆపరేషన్

అమ్మా, వందనాలు. పినపాకకు ఫోన్ కలుస్తలేదని ఖమ్మం దవాఖానా నుంచి కార్డు రాస్తున్న. బరువు తగ్గేటందుకు అక్కకు చేసిన ఆపరేషన్ మంచిగనే అయింది. కానీ మూడోరోజు జ్వరమొచ్చి గుండె దడ పెరిగింది.

"కుట్ల కాడ లీకైతే మళ్ల కడుపు తెరవాలె" అన్నడు డాక్టర్. "దేశమంతట మస్తుమంది చేయించుకుంటున్నరు, ఎక్కువమంది బాగుపడుతున్నరు" అని ఆయన ధైర్యం చెప్తుంటే, "నా సంగతి చెప్పండి సార్" అన్నది అక్క.

స్కానింగ్‌ల లీకు లేదు, ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందట. ఇయ్యాల జ్వరం దిగింది, రెండు చెంచాల నీళ్లు తాగింది.

నాన్న బీపీ గోళీలు ఏసుకుంటున్నడా? సున్నుండలు పంపకు. తమ్ముడు క్రాంతి గూడ ఇదే ఆపరేషన్ అడుగుతున్నడు గద, జర ఆగమను. ఇంటికొచ్చినంక ఉన్నదున్నట్టు తనే చెప్తనన్నది అక్క. దేవుడు మీకు తోడుండాలె.

నీ బిడ్డ అక్సా