వంతెన మీద ముందు ఎవరు?

జుబైల్ (సౌదీ), గురువారం రాత్రి

పొయ్యి మీద కూర ఉడుకుతుంటే మల్లేశ్ ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. పాతకాలపు యుద్ధం. వంతెనకు అవతల ఫిరంగులు పేలుతున్నాయి, ఇవతల సైన్యం జంకుతోంది. కుర్ర జనరల్ ఒకడు జెండా పట్టుకుని అందరికంటే ముందు వంతెన మీదికి ఉరికాడట. ఆ ఒక్కరోజుతో దేశమంతా ఆయన పేరు మోగిపోయిందట.

"ఎట్ల ఉరికిండో సూశినవా అన్నా!"

"ముందుగాల ఉరికింది ఆయనేనని ఎవలు చెప్పిన్రు?" అన్నాను.

"ఆయన ఉరికినట్టు బొమ్మ గీసిన్రు గదనే. నీకు అందరి మీద అనుమానమే," అని విసుక్కున్నాడు.

అనుమానం రాదా మరి? పోయిన వారం ప్లాంటులో పైపుల వంతెన మీద స్టీమ్ లీకైనప్పుడు మా కుర్ర ఇంజనీరు కిందే నిలబడ్డాడు. పైకి పరుగెత్తి వాల్వు మూసింది మల్లేశ్. వాడి వెనకాల నేనున్నాను. నిన్న ఆ ఇంజనీరు పనిలో వేసుకునే కవరాల్ డ్రెస్సు ఇస్త్రీ మడత నలగకుండా వేసుకొచ్చి, చల్లబడిన వాల్వు మీద చేయి వేసి ఫొటో దిగాడు. ఈరోజు మెస్సు గోడ మీద అదే ఫొటో. మధ్యాహ్నం అన్నం తింటూ అందరూ ఆయన్నే పొగిడారు. మల్లేశ్ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ ఫొటో తీసింది వాడే.

శనివారం వాడు ప్రమోషన్ మీద ఫోర్‌మన్‌గా రాబిగ్ ప్లాంటుకు పోతున్నాడు. పంపిస్తున్నది ఆ ఇంజనీరే.

"సార్ నిన్ను గూడ పంపుతా అన్నడు. పోదామానె?" అన్నాడు ఇందాక, కూర కలుపుతూ, నా మొహం చూడకుండా.

ఆ వంతెన మీద నిజంగా ముందు ఉరికిన సిపాయికి ఏం దక్కిందో వీడియోలో చెప్పలేదు. వస్తానో రానో నేనూ మల్లేశ్‌కు ఇంకా చెప్పలేదు.