కోహిమాలో నీళ్లు

ప్రొద్దుటూరు, 12 జూలై 2006, బుధవారం

రేపు డిగ్రీ పిల్లలకు చెప్పాల్సిన క్లాసు కోసం, 1944లో జపాన్ సైన్యం కోహిమా గుట్టమీద బ్రిటిష్ ఇండియా సైనికులను ముట్టడించిన యుద్ధం గురించి నెట్ సెంటరులో ప్రింటు తీయించుకొచ్చిన కాగితాలను సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. చనిపోయినవాళ్ల లెక్క ఒక్కో సైట్లో ఒక్కోలా ఉంది. ఏది నమ్మాలో తెలియక తల పట్టుకున్నాను. చిక్కుడుకాయలు తుంచుతూ అమ్మ అడిగింది.

"అది సరేలే పాపా, గుట్టమీద చిక్కుకున్నోళ్లకు నీళ్లు యాడియి?"

వెతికితే ఒక్క వాక్యం దొరికింది. నీళ్లకు అల్లాడిపోయారట. నేనే దాన్ని దాటేసి చదివాను.

"మనూర్లో గలాటప్పుడు బాయి అవతలి పార్టీ వీధిలో ఉండె. పెద్దోళ్లు పోతే నరుకుతారని ఆడపిల్లోళ్లను పంపుతాండిరి. పిల్లోళ్లను ఎవురూ ఏమీ అనరని ధైర్యం. నీకు ఎనిమిదేండ్లు నిండినాక మీ జేజి, మా అత్త, బిందె తీసి నీ చేతికిచ్చె. తెల్లార్నే నిన్ను తెచ్చి ఈడ మిషన్ హాస్టల్లో ఇడిసిపెడ్తి."

బరువయ్యానని వదిలించుకున్నారనే ఇన్నేళ్లూ అనుకున్నాను. యూనివర్సిటీ దాకా నన్ను నడిపించింది ఆ హాస్టలే.

"ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నువ్వు అడిగితివా? ఊర్లోళ్ల యుద్ధాలన్నీ అడుగుతావు గానీ!"

ఇద్దరం నవ్వాం. తర్వాత, నా బిందె ఎవరు మోశారని అడిగాను.

"ఎవురేంది, నేనే."

"పెద్దోళ్లు పోకూడదంటివే?"

"ఇంట్లో నీళ్లు ఉండాల గదా."

ఎన్నిసార్లు పోయిందో అడగకుండా, అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచాను. ఇందాక రాత్రి ప్రార్థనలో అమ్మ పేరు దగ్గరే ఆగిపోయాను, దేవుణ్ణి ఇంకేమీ అడగాలనిపించలేదు. రేపు క్లాసు నీళ్లకు అల్లాడిపోయారన్న ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడతాను.