పెరుగన్నంలో కలిపిన పొడి

జురాంగ్ వెస్ట్, సింగపూర్,
13-8-2006

నాగమల్లేశ్వరికి,
నా కోడిగీతల రాత, తప్పులు మన్నించి చదువుకో. ఇక్కడ అందరం క్షేమం.

అల్లుడుగారు తాగుడు మాని మూడు నెలలు నిండాయి. మన అమ్మాయి అమూల్య కాపురం గురించి ఇక దిగులు పడకు. రోజూ కాఫీకి ముందు డాక్టరిచ్చిన మాత్ర తనే వేసుకుంటున్నారు. శనివారాలు ఆస్పత్రిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మాత్రేమో తాగాలన్న కోరికను తగ్గిస్తుందట, మనసులో బరువు మాట్లాడితేనే దిగుతుందట. రెండూ కావాలన్నారు.

నిన్న మమ్మల్నీ రమ్మన్నారు. "మాత్రతో పాటు ఇంకేమన్నా వాడుతున్నారా?" అని డాక్టరు అడిగేసరికి ఇక దాచలేకపోయాను. తాగుడు మాన్పిస్తుందని నువ్వు మూటకట్టి పంపిన వేరు పొడిని వారం నుంచి అల్లుడుగారి పెరుగన్నంలో కలుపుతున్నానని చెప్పేశాను. అమూల్య తల పట్టుకుంది. అల్లుడుగారు మాత్రం, "మామయ్యా, పెరుగు చేదుగా ఉందని ఫ్రిజ్ మెకానిక్‌ని కూడా పిలిచాను కదండీ!" అని పగలబడి నవ్వారు. రెండేళ్లకు అమ్మాయి ముఖంలోనూ నవ్వు చూశాను. చెప్పకుండా ఏదీ పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పొడి పారబోశాను.

ఇక అది పంపకు. అల్లుడుగారు నీ చేతి గోంగూర పచ్చడి అడిగారు. గేదె ఈనిందా? మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

అమ్మాయి కవరులో పెట్టి పంపమంది. "కార్డు మీదే రాయండి మామయ్యా, దాచేదేముంది?" అన్నారు అల్లుడుగారు. మన ఊరి పోస్టుమాన్ దావీదు చదివితే చదవనీ. అందరికీ నా దీవెనలు. నువ్వు మాత్రం వెంటనే జవాబు రాయి.

ఈశ్వరరావు