తొమ్మిది కొనల ఊరు

క్యారీ,
14 అక్టోబర్ 2025

ఉమాకాంత్ గారికి ఆశీస్సులు.

ఒకే ఇంట్లో ఉండి ఈ అత్తగారు ఉత్తరం రాయడమేమిటని అనుకోకండి. ఎదురుగా చెబితే మా అమ్మాయి ఏడుస్తుంది, విషయం తేలదు.

నిన్న అనిక స్కూల్ ప్రాజెక్టు కోసం ఉత్తర ఇటలీలోని పాల్మనోవా గురించి చెప్పాను. 1593లో వెనిస్ వాళ్లు తొమ్మిది కొనల నక్షత్రంలా కట్టిన కోట ఊరది. ద్వారాలు మూడే. ఎంత చక్కగా కట్టినా ఉండటానికి జనం రాలేదు. చివరికి 1622లో ఖైదీలను క్షమించి, స్థలాలిచ్చి అక్కడ కాపురం పెట్టించారు.

"అమ్మమ్మా, మరి నీకిక్కడ ఎన్ని గేట్లు?" అంది అనిక.

నాకు కారు నడపడం రాదు. పాస్‌పోర్టు మీ సొరుగులో ఉంది. చదవకుండా సంతకం పెట్టకూడదని ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పినదాన్ని, అల్లుడు అడిగారని గ్రీన్‌కార్డు దరఖాస్తు మీద చదవకుండా పెట్టాను. అది తేలకముందే దేశం దాటితే రద్దవుతుందని మీరు తర్వాత చెప్పారు. తప్పు నాదే. మీరు నా మంచికే చేశారు. కానీ నేను రాజమండ్రి వెళ్లాలి. అక్కడ గుమ్మం దిగితే ఆటో దొరుకుతుంది.

అనిక ఆ నక్షత్రం మధ్యలో చీర కట్టిన నన్ను గీసింది. శుక్రవారం క్లాసులో చూపిస్తుందట. కాబట్టి:

1. దరఖాస్తు రద్దయినా ఫర్వాలేదని లాయరుకు చెప్పండి.
2. పాస్‌పోర్టు నా చేతికివ్వండి.
3. గురువారంలోగా జవాబు చెప్పండి. బొమ్మలో ద్వారం బయట కాస్త చోటు ఖాళీగా ఉంచమని అనికకు చెప్పాను.